దూరప్రయాణము – దారిసాక్షి

మన అనంతపురపు పీఠభూమి పడమటి కనుమల చాటుననున్నందున నైరృతి ఋతుపవనము ఇచ్చటికి చేరులోపలనే తన నీటిని చాలవరకు కోలుపోవును. ఈశాన్య ఋతుపవనమునకు ఈ సీమ మిక్కిలి దూరము. కావున సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే మనకు దక్కుచున్నది. ఇట్టి చోట పుట్టినవారికి ఇల్లు విడిచి దూరము పోవుట క్రొత్త గాదు. పనికై బెంగుళూరునకును, చదువునకై హైదరాబాదునకును పోవువారు ప్రతి గ్రామమునను గలరు. ఇప్పుడు కుటుంబములు కారులలో వేయి మైళ్ళ యాత్రలు సైతము తలపెట్టుచున్నవి. అట్టి ప్రయాణమును కొద్ది వ్యయముతో నెట్లు సాగింపవచ్చునో, కారు ముందటి అద్దమున నమర్చు డ్యాష్‌కామ్ అను చిన్న కెమెరా అందెంతవరకు తోడ్పడునో ఈ వ్యాసమున వివరింపబడును.

మార్గము

అనంతపురమునుండి కాశీపట్టణమునకు పోవు దారిని ఉదాహరణముగా గైకొందము. 2010వ సంవత్సరమున జాతీయ రహదారుల సంఖ్యలు మార్పబడుటకు పూర్వము మన యూరి మీదుగా పోవు రహదారికి 7 అను సంఖ్య యుండెను. అది కాశియందు మొదలై, జబల్పూరు, నాగపూరు, హైదరాబాదు, కర్నూలు, అనంతపురము, బెంగుళూరుల మీదుగా కన్యాకుమారిని చేరెడిది. మన యూరి మీదుగా పోవు భాగము నేడు 44వ సంఖ్య గల రహదారిలో చేరినది.

ఈ త్రోవన అనంతపురమునుండి హైదరాబాదు రమారమి 360 కిలోమీటర్లు. అచ్చటినుండి నాగపూరు 500. అచ్చటినుండి జబల్పూరు 270. కడపటి భాగము 450. వెరసి యించుమించు 1,600 కిలోమీటర్లు. పామిడికడ పెన్న, కర్నూలుకడ తుంగభద్ర, పిమ్మట కృష్ణ, గోదావరి, నర్మద – ఇన్ని నదులను దాటి గంగను చేరుదుము. ఎండిన పెన్న యిసుకను మాత్రమే యెరిగిన బాలునకు ఈ ప్రయాణమే యొక భూగోళపాఠము. నాగపూరు దాటిన పిమ్మట పెంచ్ అడవిలో మృగములు నిర్భయముగా క్రిందుగా పోవుటకై రహదారిని వంతెనలపై నిలిపియున్నారు. అదియు చూడదగినదే.

వ్యయము

లీటరునకు 16 కిలోమీటర్లు నడచు కారునకు పోవుటకు 100 లీటర్లు, మరలుటకు 100 లీటర్లు ఇంధనము పట్టును. ఐదుగురు కలిసి పోయినచో తలకు 40 లీటర్లు. ఒక్కడే పోదలచినవానికి రైలే చౌక. ఈ సంగతి ముందుగనే లెక్కించుకొనవలెను. వేగమునకును వ్యయమునకును గల సంబంధము విద్యార్థులు గమనింపదగినది. గాలి చూపు నిరోధము వేగముయొక్క వర్గముననుసరించి పెరుగును. గంటకు 80 కిలోమీటర్ల వేగమును 100కు పెంచినచో వేగము నాల్గవవంతే హెచ్చును గాని గాలి నిరోధము ఒకటిన్నర రెట్లకు మించును. కావున నెమ్మదిగా పోవువాడు ఇంధనమును ప్రాణమును గూడ కాపాడుకొనుచున్నాడు.

టోలు రుసుమునకై 2025 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము సొంతకారులకు సాలుచీటి నొకదానిని ప్రవేశపెట్టెను. నాటి వెల 3,000 రూపాయలు. ఒక సంవత్సరముగాని 200 పర్యాయములుగాని, ఏది ముందైన అంతవరకు అది చెల్లును. దూరప్రయాణికులకు ఇది లాభకరము. ఇంటినుండి రొట్టెలు, వేరుసెనగలు, చింతపండు పులిహోర, చాలినంత నీరు కొనిపోయినచో మొదటి రెండు దినములు హోటలు ఖర్చు తగ్గును.

ఐతే పొదుపు చేయరానివి మూడు గలవు: చక్రముల టైర్లు, త్రాగునీరు, నిద్ర. గుత్తి దాటిన పిదప నిడుపుగా, చెట్టు నీడ లేక సాగు త్రోవ కన్నులకు మగత కలిగించును. లాడ్జి బాడుగ మిగులునని రాత్రియంతయు కారు నడుపువాడు తన బిడ్డల ప్రాణములను తాకట్టుపెట్టుచున్నాడు. దినమునకు 400 కిలోమీటర్లు చాలును. నాలుగు దినములలో కాశి చేరవచ్చును.

యంత్రము

డ్యాష్‌కామ్ పనిచేయు విధము సులభమైనది. లెన్సుగుండా వచ్చు వెలుగును సెన్సారు విద్యుత్సంకేతములుగా మార్చును. అవి కొద్ది నిమిషముల తునకలుగా మెమరీకార్డుపై వ్రాయబడును. కార్డు నిండినంతనే అన్నిటికంటె పాత తునక చెరిగి దానిచోట క్రొత్తది చేరును. సాధారణమగు 1080 రకపు చిత్రము గంటకు సుమారు 7 గిగాబైట్ల చోటు గోరును; 64 గిగాబైట్ల కార్డు తొమ్మిది గంటలలో నిండిపోవును. అనగా నేటి ఉదయపు సంఘటనను రేపటి సాయంకాలము వెదకిన దొరకదు. గట్టి కుదుపు కలిగినపుడు ఆ తునక చెరిగిపోకుండ తాళము వేయు భాగమొకటి యందుండును గాని, దానినే నమ్మియుండరాదు. ఏదైన జరిగిన వెంటనే కారు నాపి ఆ భాగమును వేరుగా దాచుకొనవలెను.

మన సీమవారు ముఖ్యముగా తెలియవలసినది ఎండను గూర్చి. వేసవిలో తలుపులు మూసి నిలిపిన కారులో అద్దముకడ వేడిమి 60 డిగ్రీలు దాటుటయు గలదు. లిథియము బ్యాటరీ గల కెమెరా అట్టి వేడిమికి ఉబ్బి చెడును. బ్యాటరీకి బదులు కెపాసిటరు గలది కొనుట మేలు. అద్భుతమైన గుణములు గల ప్రియమగు కెమెరా అక్కరలేదు. వేడిమికి తాళునది, తేదీయు వేళయు సరిగా చూపునది చాలును. దానిని వెనుకచూపు టద్దము చాటున, నడుపువాని చూపున కడ్డురాకుండ అమర్చవలెను.

సాక్ష్యము

ఈ చిన్న యంత్రము చేయగల మేలునకు 2013 ఫిబ్రవరి 15 నాటి సంఘటన నిదర్శనము. రష్యాదేశమున చెల్యాబిన్స్క్ పట్టణముపై గొప్ప ఉల్క పేలినపుడు, కారులలోని కెమెరాలు దాని వెలుగును పట్టుకొనెను. ఆ చిత్రములనుండి శాస్త్రజ్ఞులు ఉల్క వచ్చిన కక్ష్యను గణించిరి. ఎవరును ఎదురుచూడని క్షణమును చూచి దాచియుంచుటయే దీని ప్రయోజనము.

ప్రమాదము జరిగినపుడు ఎవరు అడ్డము వచ్చిరో, ఏ దీపము వెలుగుచుండెనో అను వివాదమునకు ఈ చిత్రము సాక్ష్యము కాగలదు. 2024 జూలై 1నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందలి 63వ సెక్షను ప్రకారము, అట్టి రికార్డుతో విధ్యుక్తమైన ధ్రువపత్రము జతపరుపవలెను. కావున మూలప్రతిని కత్తిరింపక, మార్పక యుంచవలెను.

కాని యీ సాక్షి యజమానునకు సేవకుడు గాడు. ఎదుటివాని తప్పును చూపు కన్నే మన తప్పును గూడ చూపును. మనకు మేలైనంతవరకే చూపి, తక్కినది చెరిపివేయువాడు సాక్షిని కొన్నవాడే గాని సత్యమును కోరినవాడు గాడు. మరియు గాయపడినవారి ముఖములను వినోదమునకై లోకమునకు పంచుట మిక్కిలి నింద్యము. త్రోవలో ప్రమాదము కంటబడినచో ముందు 108కి ఫోను చేయవలెను. సదుద్దేశముతో సహాయపడినవారికి 2019నాటి మోటారు వాహనముల సవరణ చట్టము రక్షణ కల్పించుచున్నది. చిత్రము సంగతి తరువాత.

నోటుపుస్తకము

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి పల్లకీలో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరుల మీదుగానే కాశికి పోయి, 1831లో మరలివచ్చిరి. మజిలీల సంగతులు, దారి బాగోగులు, నీటి వసతులు, జనుల యాచారములు వారు వ్రాసియుంచినందుననే 'కాశీయాత్రచరిత్ర' మనకు దక్కినది. కెమెరా దారిని చూచును గాని దానినిగూర్చి ఆలోచింపదు. అందుచే విద్యార్థులు ప్రయాణమున నొక నోటుపుస్తకము నుంచుకొని, పోసిన ఇంధనము, నడచిన దూరము, అయిన ఖర్చు, చూచిన వింత నాటికి నాడు వ్రాసికొనుట మంచిది. ఇంటి పెద్దలకు వచ్చు ఏటి లెక్కకు అది పనికివచ్చును.

యంత్రము జరిగినదానిని చెప్పగలదేగాని జరుగకుండ నాపజాలదు. ఆపగలవి చక్రము పట్టిన చేయియు, నిదురతో తేటపడిన కన్నును మాత్రమే. కెమెరా లేనపుడెట్లు జాగ్రత్తగా నడుపవలెనో, ఉన్నపుడును అట్లే నడుపువాడు క్షేమముగా పోయి క్షేమముగా ఇల్లు చేరును.