ఒకే అరీనా, ఎనిమిది గుర్రాలు: ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి?



గుర్రపుస్వారీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం చేసిన ఎపిసోడ్ తర్వాత చాలా ప్రశ్నలు వచ్చాయి. విచిత్రం ఏంటంటే వాటిల్లో ఎక్కువ గుర్రం గురించి కాదు, పక్కనున్న రైడర్ గురించి. ఎదురుగా ఒకాయన వచ్చేస్తుంటే ఎటు తప్పుకోవాలి? వెనకనుంచి దూసుకొస్తే ఏం చెయ్యాలి? సొంత గుర్రం ఉన్నాయన అరీనా మొత్తం తనదే అన్నట్టు తిరుగుతుంటే ఎవరికి చెప్పుకోవాలి? అందుకని ఈ రోజు అరీనాని పంచుకోవడం గురించే మాట్లాడదాం.

ముందు చిన్న లెక్క. ఇంజినీర్ బుద్ధి, ఉద్యోగం వదిలినా పోలేదు. డ్రెస్సాజ్‌లో చిన్న అరీనా అంటే 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు. పెద్దది 20 బై 60. మనం నేర్చుకునే చోట చిన్నదానికి అటూఇటూగా ఉందనుకుందాం. చుట్టుకొలత 120 మీటర్లు. నడుస్తున్న గుర్రం గంటకి ఆరేడు కిలోమీటర్లు పోతుంది, అంటే ఒక రౌండుకి నిమిషం పైనే. క్యాంటర్‌లో ఉన్న గుర్రానికి గంటకి 20 కిలోమీటర్లు వేసుకున్నా ఇరవై రెండు సెకన్లలో రౌండు అయిపోతుంది. నడిచేవాళ్ళు ఒక్క చుట్టు పూర్తి చేసేలోపు ఆయన వాళ్ళని రెండుసార్లు దాటాలి. అలాంటివాళ్ళూ ఇలాంటివాళ్ళూ కలిపి ఎనిమిదిమంది. పైగా హైదరాబాద్ ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిది దాటాక గుర్రంతో పని చేయించడానికి మనసు రాదు. కాబట్టి అందరికీ ఆరు నుంచి ఎనిమిదే కావాలి, అదీ శని, ఆదివారాల్లోనే.

టీవీలో మనం చూసేది వేరు. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన డ్రెస్సాజ్ టీమ్ గోల్డ్ గెలిచింది కదా, ఆ వీడియోలు చూస్తే అంత పెద్ద అరీనాలో ఒక్క గుర్రం, ఒక్క రైడర్. కానీ ఆ గుర్రమే దానికి ముందు వార్మప్ అరీనాలో మిగతా గుర్రాలతో కలిసి తిరిగి వస్తుంది. అది కెమెరాకి పెద్దగా కనపడదు. మన జీవితం మొత్తం ఆ వార్మప్ అరీనానే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన రూలు. ఎదురెదురుగా వచ్చినప్పుడు ఒకరి ఎడమ భుజం పక్కనుంచి ఇంకొకరి ఎడమ భుజం వెళ్ళాలి. మనవాళ్ళకి సరిగ్గా ఇక్కడే తికమక. మన రోడ్ల మీద ఎడమవైపు నడుపుతాం, ఎదురుగా వచ్చే బండి మన కుడిపక్క నుంచి పోతుంది. సైకిల్ నేర్చుకున్నప్పటి నుంచీ ఒంటికి పట్టిన అలవాటు అది. అరీనాలో దానికి పూర్తి రివర్స్: ఇద్దరూ ఎవరి కుడివైపుకి వాళ్ళు జరగాలి. అమెరికాలో కారు నడిపే మన తెలుగువాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు, వెంటనే వచ్చేస్తుంది. మనం మాత్రం కంగారు పడితే చెయ్యి ఎడమకే లాగుతుంది. ఎదుటివాళ్ళు రూలు ప్రకారం కుడికి జరుగుతారు, అంటే సరిగ్గా మన ముందుకే వస్తారు. ఇద్దరిలో ఎవరి తప్పు అని కొట్లాడుకునే సీన్లు చాలావరకు ఇలా పుట్టినవే.

కొంచెం విడమర్చి చెప్తాను. మీ ఎడమ చెయ్యి అరీనా లోపలివైపు ఉండేలా, అంటే గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంటే మీరు లెఫ్ట్ రీన్ మీద ఉన్నట్టు. కంచె మీకు కుడిపక్కనే ఉంటుంది. ఇంక జరగడానికి చోటు లేదు, జరగక్కర్లేదు కూడా. ఎదురుగా రైట్ రీన్ మీద వచ్చేవాళ్ళే ట్రాక్ వదిలి లోపలికి రావాలి. నేను రైట్ రీన్ మీద ఉన్నానా, ఎదురుగా ఎవరైనా కనపడ్డారా, లోపలికి జరగాల్సింది నేనే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే సగం గొడవలు పోతాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. నడిపించేవాళ్ళు, ఆగేవాళ్ళు కంచె పక్కనున్న ట్రాక్‌ని వదిలి లోపలికి రావాలి. సర్కిల్ కొట్టేవాళ్ళు, చుట్టూ తిరిగేవాళ్ళకి దారి ఇవ్వాలి. ముందు గుర్రానికీ మనకీ మధ్య కనీసం ఒక గుర్రం పట్టేంత ఖాళీ ఉండాలి. కొత్తవాళ్ళు రెండు గుర్రాలంత వదలండి, ఎవరూ ఏమీ అనుకోరు. దాటాలంటే లోపలివైపు నుంచే దాటాలి, కంచెకీ గుర్రానికీ మధ్యలో దూరకూడదు. కొన్నిచోట్ల వీటిల్లో ఒకటో రెండో తేడాగా ఉంటాయి, అందుకే కొత్త స్కూల్‌కి వెళ్తే ఎక్కే ముందే కోచ్‌ని అడగండి. రూలు ఏదైనా పర్లేదు, అందరిదీ ఒకటే అయి ఉండాలి.

రూలు అందరికీ తెలిసినా గొడవ ఎందుకవుతుందంటే, మనం నోరు తెరవం. అసలు సమస్య ఇదే అని నా అభిప్రాయం. రోడ్డెక్కితే అవసరం ఉన్నా లేకపోయినా హారన్ కొడతాం. అరీనాలోకి రాగానే మౌనవ్రతం. గుర్రానికి ఇండికేటర్ లేదు, బ్రేక్ లైటూ లేదు. మీరు మూల నుంచి అడ్డంగా కోస్తారో, నేరుగా పోతారో వెనకవాళ్ళకి ఎలా తెలుస్తుంది? అరీనా చుట్టూ అక్షరాలు పెట్టేది అందుకూ పనికొస్తుంది. ఎ నుంచి మొదలై గడియారం దిశలో కె, ఇ, హెచ్, సి, ఎమ్, బి, ఎఫ్. "బి దగ్గర సర్కిల్" అంటే చాలు, అందరికీ అర్థమైపోతుంది. దాటేటప్పుడు "ఇన్‌సైడ్". లోపలికి వచ్చే ముందు, బయటికి వెళ్ళే ముందు "గేట్". జంప్ చేసేముందు "జంప్".

మనకి ఇంకో ఇబ్బంది ఉంది. ముందు నడిపిస్తున్నాయనకి అరవై ఏళ్ళు. ఆయన్ని పట్టుకుని "ట్రాక్!" అని అరవాలంటే నోరు రాదు. నాకూ మొదట్లో అలానే ఉండేది. "అంకుల్, ఇన్‌సైడ్!" అంటే అయిపోతుంది. ఆయనకీ బాగానే ఉంటుంది, మీ నోటికీ సులువు. అమ్మాయిలైతే "అక్కా, లోపల్నుంచి వస్తున్నా" అంటారు, అదీ బాగుంటుంది. ఏ భాషలో అన్నారన్నది కాదు, ముందుగా అన్నారా లేదా అన్నది చూసుకోవాలి. పక్కకి వచ్చేశాక అరిస్తే గుర్రమూ బెదురుతుంది, మనిషీ బెదురుతాడు.

ఇక గుర్రం సంగతి. దాని కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు 350 డిగ్రీలు చూడగలదు. కనపడనిది సరిగ్గా నుదుటి ముందు కాస్త, తోక వెనక కాస్త. వెనకనుంచి అతుక్కుపోయి వచ్చే గుర్రం ఆ కనపడని చోటులోనే ఉంటుంది. డెక్కల చప్పుడు వినిపిస్తుంది, మనిషి కానీ గుర్రం కానీ కనపడదు. మందలో బతికే జంతువు, భయమేస్తే పరిగెత్తడం దాని స్వభావం. పరిగెత్తే దారి లేకపోతే తంతుంది. చెవులు వెనక్కి మెడకి అతికించినట్టు పెట్టిందంటే "దూరం జరుగు" అని చెప్తోంది. తోకకి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటే అది అలంకారం కాదు, ఆ గుర్రానికి తన్నే అలవాటు ఉందని అర్థం.

మన దేశంలో రైడింగ్ స్కూల్ గుర్రాల్లో చాలా వాటికి ఇంకో చరిత్ర ఉంటుంది. అవి రేసుల నుంచి రిటైర్ అయి వచ్చినవి. మలక్‌పేటలోనో మరో ఊళ్ళోనో రెండు మూడేళ్ళు పరిగెత్తి, ఆ తర్వాత స్కూల్‌కి వచ్చిన థరోబ్రెడ్లు. పక్కనుంచి ఇంకో గుర్రం వేగంగా దాటిందంటే వాటికి పాత చదువు గుర్తొస్తుంది. మీద కూర్చున్నది జాకీనా, పదేళ్ళ పిల్లనా అని అది ఆలోచించదు.

పదేళ్ళ పిల్ల అని ఊరికే అనలేదు. నేను రైడ్ చేసే ఒక చోట ఆదివారం పొద్దున జరిగింది. ఆ పాప ట్రాట్ నేర్చుకుంటోంది, కోచ్ మధ్యలో నిలబడి చెప్తున్నాడు. నేను కూడా మధ్యలోనే ఆగి జీను పట్టీ బిగించుకుంటున్నాను. సొంత గుర్రం ఉన్న ఒకాయన క్యాంటర్‌లో వెనకనుంచి వచ్చి, ఏమీ చెప్పకుండా, పాప గుర్రానికీ కంచెకీ మధ్యలోంచి దాటేశాడు. పాప గుర్రం రేసు గుర్రం. ఆయన వెనకే దౌడు తీసింది. మూల తిరిగేటప్పుడు పాప పడిపోయింది. మణికట్టు విరిగింది. అందరం గుర్రాల్ని ఆపేశాం, ఆయన ఇంకో పావు రౌండు పోయి ఆపాడు. ఆపి అన్న మాట: "కంట్రోల్ చెయ్యడం రానివాళ్ళని అరీనాలోకి ఎందుకు పంపిస్తారు?" కంచె బయట ఆ పాప అమ్మగారు నిలబడి ఉన్నారు. వాళ్ళు మళ్ళీ రాలేదు.

ఆయన ప్రశ్నకి జవాబు చెప్పాలి, ఎందుకంటే అలా అనుకునేవాళ్ళు ఆయన ఒక్కడే కాదు. సీనియర్ వస్తే జూనియర్ తప్పుకోవాలి, సొంత గుర్రం వస్తే స్కూల్ గుర్రం తప్పుకోవాలి అని మన దగ్గర రాయని రూలు ఒకటుంది. ఆఫీసుల్లో చూసిందే, ఇక్కడా అదే. నా లెక్క దానికి తలకిందులు. తప్పుకోవడం వచ్చినవాళ్ళే తప్పుకోవాలి. పాపకి పగ్గాలు ఎంత లాగాలో ఇంకా తెలీదు, గుర్రాన్ని రెండు అడుగులు లోపలికి జరపమంటే అది ఆరు అడుగులు జరుగుతుంది, లేదంటే ఆగిపోతుంది. ఆయనకి పదిహేనేళ్ళ అనుభవం. ఒక సర్కిల్ కొట్టి, పాప ముందుకి వెళ్ళేదాకా ఆగగలడు. ఆయనకి పోయేది పది సెకన్లు. రూలు ప్రకారం ట్రాక్ నాదే అయినా, ఎదురుగా ఉన్నది కొత్తవాళ్ళని తెలిస్తే నేనే జరుగుతాను. నేర్చుకోవడానికే కదా అరీనా ఉన్నది!

అలాగని తప్పంతా సీనియర్లదే అని కాదు. గేటు దగ్గర ట్రాక్ మీదే గుర్రాలు ఆపి కబుర్లు చెప్పుకునేది ఎక్కువగా కొత్త బ్యాచ్‌లే. రీల్స్ కోసం ఒకచేత్తో ఫోన్ పట్టుకుని తిరిగేవాళ్ళని చూస్తే, వీడియోలు చేసి బతికేవాణ్ణి అయినా నాకు ఒళ్ళు మండుతుంది. షూట్ చెయ్యాలంటే ఒక మనిషిని కంచె బయట నిలబెట్టండి. గుర్రాలున్న చోట డ్రోన్ ఎగరేయొద్దు. కోచ్‌లు కూడా నలుగురు స్టూడెంట్లతో మొత్తం అరీనా ఆక్రమించుకుని, ఫీజు కట్టిన మిగతావాళ్ళని మూలకి తోసేస్తారు. పొడవు తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పే లాంజింగ్ అయితే, ఆ ఒక్క గుర్రానికే అరీనాలో సగం వెడల్పు పైనే పోతుంది. నలుగురు రైడ్ చేస్తున్నప్పుడు అడగకుండా మొదలుపెట్టడం న్యాయం కాదు. జంపింగ్ అయ్యాక కర్రలు ఇసుకలో వదిలేసి పోయేవాళ్ళ గురించి మాట్లాడితే ఎపిసోడ్ సరిపోదు. లద్దె తీయడం సైస్ పని అనుకునేవాళ్ళ గురించి కూడా.

మరి ఎవరికి చెప్పాలి? గుర్రం మీద ఉండగా వాదన పెట్టుకోకండి. మీ ఒళ్ళు బిగుసుకుంటే కింద గుర్రానికి తెలిసిపోతుంది. దిగాక, గుర్రాన్ని అప్పజెప్పాక, మొదట ఆ మనిషితోనే చెప్పండి. "నా గుర్రానికి వెనకనుంచి దగ్గరగా వస్తే భయం అండీ, కొంచెం దూరం నుంచి దాటతారా?" అంటే, తప్పు మీదని అన్నట్టు ఉండదు, పని జరుగుతుంది. రెండోసారి కూడా అదే చేస్తే కోచ్‌కి. కోచ్ కూడా సొంత గుర్రం ఉన్నవాళ్ళ ముందు మొహమాటపడితే ఫీజు కట్టేవాళ్ళు నలుగురు కలిసి అడగండి: గేటు దగ్గర రూల్స్ రాసిన బోర్డు, కొత్తవాళ్ళకి విడిగా ఒక గంట. బోర్డు ఉంటే "మీరెవరు చెప్పడానికి" అనే మాటకి చోటుండదు.

ఎవరైనా పడితే మాత్రం ఏ రూలూ లేదు. అందరూ ఆపాలి, వెంటనే. మనిషి లేకుండా పరిగెత్తే గుర్రం వెనక ఎవరూ పడొద్దు, వెంటపడితే ఇంకా పరిగెడుతుంది. గేటు మూసి, మిగతా గుర్రాలు కదలకుండా నిలబడితే అది తనంతట తనే వాటి దగ్గరికి వచ్చి ఆగుతుంది చాలాసార్లు. పట్టుకునే పని సైస్‌కి వదిలేయండి.

చివరగా చాలామంది పట్టించుకోనిది ఒకటి. అరీనాలో రెండే గుర్రాలు మిగిలాయి, మీ టైమ్ అయిపోయింది. చెప్పకుండా వెళ్ళిపోతే మిగిలిన గుర్రం ఒంటరైపోయి సకిలిస్తుంది, గేటు వైపు లాగుతుంది. దాని మీద ఉన్నది ఎవరో చూసుకోండి. "నేను వెళ్తున్నాను, మీ గుర్రం ఒక్కటే ఉంటుందా, లేక రెండు నిమిషాలు ఆగమంటారా?" అని అడిగి, ఆగమంటే ఆగండి. వెళ్ళేటప్పుడు నడిపించుకుంటూ వెళ్ళండి.

జంపింగ్ అరీనా రూల్స్, ఎర్ర జెండా, తెల్ల జెండా కథ వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. మీ స్కూల్‌లో దాటే రూలు వేరేలా ఉంటే రాసి పంపండి. ఉంటాను.