చేప యేల యెండలేదు?



మా ఖిలా వరంగల్లులో నాలుగు కీర్తితోరణములు నిలిచియున్నవి. నడుమ నుండిన స్వయంభూ శివాలయము శిథిలమైనది. గోడ లేదు, తలుపు లేదు. ద్వారములు మాత్రము కలవు. అర్థము కానరాకయే నిలిచిన మాటలు గూడ నిట్టివే. ఏడు చేపల కథ నట్టిదానిగా నెంచుదును.

రాజకుమారులేడుగురు తెచ్చిన చేపలలో నొకటి యెండలేదు. ఏల యని యడుగగా నది గడ్డిమోపును జూపినది. మోపు ఆవును, ఆవు పసులకాపరిని, కాపరి అన్నము పెట్టని యవ్వను, అవ్వ యేడ్చు బిడ్డను, బిడ్డ కుట్టిన చీమను. చీమ యొక్కటియే యెవరిని జూపలేదు. తన యింట వేలు దూర్చినవానిని విడుచుటెట్లని యెదురడిగినది!

కొందఱు పెద్దలు దీనికి వేదాంతార్థము చెప్పుదురు. కుమారులు సప్తధాతువులట, ఎండని చేప మనస్సట, మోపు అజ్ఞానమట, ఆవు జ్ఞానమట. కాదనను, కాని యది పిమ్మట గట్టిన గోపురమని నా యూహ. తప్పు ఒకరినుండి యొకరికి జాఱుట, తుదకు మిక్కిలి చిన్నదానికడ నాగుట, తగవులు తీర్చు మీకు క్రొత్తయా? బిడ్డ నవ్వునదియు నచ్చటనే.

ఇట్టి వింతమాటలకు ఆంగ్లమున ఎడ్వర్డ్ లియర్ గ్రంథము 1846లో, వంగమున సుకుమార్ రాయ్ ‘ఆబోల్ తాబోల్’ 1923లో వెలువడినవి. మనకు అవ్వల నోటనుండియే వచ్చినవి.

మా మనుమనికి నేను చీమవఱకే చెప్పుదును. తత్త్వము అడిగినచో చెప్పవలెనని యున్నాను, వాడింతవఱకు అడుగలేదు. మఱల మొదటినుండి చెప్పుమనును.