ఫీబే పదవి: తెలుగు బైబిలు సాక్ష్యం

సంఘంలో స్త్రీ స్థానంపై చర్చలు తరచుగా మొదటి కొరింథీ పత్రిక 14వ అధ్యాయంలోని మౌన నియమంతో ఆరంభమవుతాయి. అదే పౌలు రోమా పత్రిక 16వ అధ్యాయంలో ఫీబేను 'దియాకొనోస్' అన్నాడు. ఫిలిప్పీ పత్రిక ఆరంభంలో సంఘ పదవిని సూచించేదీ ఈ గ్రీకు పదమే. కింగ్ జేమ్స్ ఆంగ్లానువాదం ఫిలిప్పీలో దానిని పదవీనామంగా ఉంచి, ఫీబే విషయంలో 'సేవకురాలు' అనే అర్థానికి కుదించింది. తెలుగు బైబిలు మాత్రం అక్కడ 'పరిచారకులు', ఇక్కడ 'పరిచారకురాలు' అని ఒకే పదాన్ని నిలిపింది.

ఆచరణ ఈ అనువాదాన్ని అనుసరించలేదు. మిషనరీ కాలంలో 'బైబిలు స్త్రీలు' ఇంటింటా వాక్యం బోధించినా, ప్రసంగవేదికా సంస్కారాల నిర్వహణా పురుషుల అధీనంలోనే ఉన్నాయి. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం 1976లో తొలిసారి ఒక స్త్రీకి గురుపట్టం ఇచ్చింది. ఆ సంఘపు తొలి మహిళా బిషప్పుగా ఎగ్గోని పుష్పలలిత 2013లో నంద్యాల అధ్యక్ష మండల బాధ్యతలు స్వీకరించారు.

పరిచారక పదవి గురుత్వంతో సమానం కాకపోవచ్చు. అయితే స్త్రీకి సంఘ పదవి లేదనే వాదన ఫీబే దగ్గర నిలవదు. స్త్రీవాద పఠనాన్ని పాశ్చాత్య దిగుమతిగా తోసిపుచ్చేవారు ముందుగా తమ చేతిలోని తెలుగు పాఠానికే సమాధానం చెప్పవలసి ఉంటుంది.