మీకు తెలుసా? చెర్యాల మాస్కుకు తడిగుడ్డ తగలకూడదు

మీ ఇంటి గోడమీద చెర్యాల మాస్కు ఉందా? అది రంపపుపొట్టును చింతగింజల జిగురుతో కలిపి, ముద్దచేసి మలిచినది. తేమ తగిలితే ఆ జిగురు మెత్తబడి రంగు పెచ్చులూడుతుంది, పురుగూ పడుతుంది. కాబట్టి దేనితో చేశారో తెలియకుండా బాగుచేయబోతే ఉన్నదీ పోతుంది. పాడైతే కొత్తది పెట్టుకోవచ్చుగా అంటారు కొందరు. నిజమే, కళాకారుడు డేమియన్ హర్స్ట్ 1991లో ఫార్మాల్డిహైడ్‌లో నిలిపిన సొరచేప పాడైతే 2006లో మరో సొరచేపను పెట్టారు. కానీ ఆ మార్పు చేయించడానికి కళాకారుడు ఉన్నాడు. పైగా ఆ కృతికి ఆలోచనే ప్రాణం. మాస్కుకు ప్రాణం దాన్ని చేసిన నకాషీ కళాకారుడి చేతి గీత, అది ఇంకొకరు తిరిగి గీయలేనిది. కొనేటప్పుడే ఏ రంగు, ఏ జిగురు వాడారో అడిగి రాసిపెట్టుకోండి. దుమ్ము దులపడానికి పొడి కుంచె చాలు.