ఎర్ర మాత్ర మీద నింద

"ఆ ఎర్ర మాత్రలు మింగకే తల్లీ, బిడ్డ బాగా పెరిగిపోయి కాన్పు కష్టమవుతుంది." ఈ మాట నమ్మి, ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్రల్ని చూరులో దోపేసే గర్భిణులు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. బస్తీకి దగ్గరైతే ఆపద వేళ ఏదో ఒక ఆస్పత్రి అందుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో, డోలీ మీద మోసుకొస్తే తప్ప అంబులెన్స్ అందని గూడేల్లో ఇదే మాట ప్రాణం తీస్తుంది.

మాత్ర బిడ్డను లావు చెయ్యదు. అందులో ఉండేది 60 మిల్లీగ్రాముల ఇనుము, కాస్త ఫోలిక్ యాసిడ్. అవి రక్తం పట్టడానికి. కాన్పు కష్టమవడానికి కారణాలు వేరే: ఎముక ఇంకా ఎదగని వయసులో చేసిన పెళ్లి, అడ్డం తిరిగిన బిడ్డ, అదుపులో లేని షుగర్. వీటి గురించి మాట్లాడరేం? రక్తం లేని తల్లికి నెలలు నిండకుండానో, రెండున్నర కిలోలకు తక్కువగానో బిడ్డ పుట్టే ప్రమాదం ఎక్కువ. మొదటి నెల గడవని పసికందుల్లో చాలామంది ఇలాంటివాళ్లే. చిన్న బిడ్డయితే సులువు కాన్పు అనేవాళ్లు ఆ తర్వాతి రోజుల గురించి ఆలోచించరు.

ఇక తల్లి. కాన్పులో అర లీటరు దాకా రక్తం పోయినా ఆరోగ్యంగా ఉన్న మనిషి తట్టుకుంటుంది. హిమోగ్లోబిన్ 7కు పడిపోయిన మనిషి తట్టుకోలేదు. మాయ పడ్డాక రక్తం ఆగకపోతే ఆమెకు గంటల వ్యవధి కూడా ఉండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతే. 2018–20లో ప్రతి లక్ష జననాలకు ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది, తెలంగాణలో 43 మంది తల్లులు చనిపోతే, కేరళలో 19 మంది. రాష్ట్రం సగటు చూసి కొండ మీద కూడా ఇంతేననుకోకూడదు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. మాత్ర పడదని చెప్పే ఆడవాళ్లు అబద్ధమాడటం లేదు. వికారం, మలబద్ధకం, నల్లటి మలం నిజమే. ఈ సంగతి ముందే చెప్పకుండా మాత్రలు చేతిలో పెట్టి పంపించేది మన ఆరోగ్య సిబ్బందే. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. టీతోనూ, కాల్షియం మాత్రతోనూ కలిపి వద్దు.

మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందన్నది శుద్ధ అబద్ధం, రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది. కాన్పు తర్వాతి అపోహలూ ఇలాంటివే. ముర్రుపాలు పిండి పారబోయడం బిడ్డ నోటికాడి రక్షణను తీసేయడమే. బాలింతకు నీళ్లూ కూరలూ తగ్గించడం ఏ రకంగానూ మంచిది కాదు.

మాత్ర కాన్పుకు ముందు 180 రోజులు, తర్వాత 180 రోజులు వాడాలి. కోడలు వేసుకుందో లేదో చూసే బాధ్యత అత్తగారూ, మొగుడూ తీసుకోండి. హిమోగ్లోబిన్ మరీ తగ్గితే మాత్రలతో సరిపెట్టకుండా ఐరన్ ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి. కొండ గూడేల వాళ్లు నొప్పులొచ్చేదాకా ఆగకండి. సాలూరులో పెట్టినటువంటి గర్భిణుల వసతి గృహం అందుబాటులో ఉంటే తొమ్మిదో నెలలోనే దిగిపోండి. గర్భిణి రక్తం గ్రూపేదో, అవసరమైతే ఎవరిస్తారో ఇంట్లో అప్పటికే అనుకుని ఉండాలి.