ఆకాశానికి రెండు గడియారాలు

పైలట్ లైసెన్సు నిబంధనల్లో కులం అన్న మాట ఎక్కడా కనిపించదు. 1937 నాటి విమాన నియమావళి రెండో షెడ్యూలు అభ్యర్థి వయసు అడుగుతుంది, చదువు అడుగుతుంది, ఆరోగ్యం అడుగుతుంది, ఎన్ని గంటలు ఎగిరాడో అడుగుతుంది. ఏ వాడలో పుట్టాడో అడగదు. అందుకే ఆకాశానికి కులం లేదనీ, అక్కడ ప్రతిభ ఒక్కటే కొలమానమనీ చెప్పుకోవడం మన విద్యావంతులకు అలవాటైంది. ఆ మాటలో సగం నిజముంది. విమానాన్ని రన్‌వే మీద దించే చేతికి కావలసింది నైపుణ్యమే. అయితే ఆ నైపుణ్యాన్ని కొలిచే ప్రతి గంటకూ ఒక ధర ఉంది, ఆ గంటలన్నిటికీ ఒక గడువు ఉంది. నిబంధనల గడియారం ఒక వేగంతో నడుస్తుంది. దళిత, ఆదివాసీ విద్యార్థికి అందే ప్రభుత్వ సాయపు గడియారం మరో వేగంతో నడుస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే కులం తన పని తాను చేసుకుపోతోంది.

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు ఇంటర్మీడియట్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి ఉండాలన్న షరతు వల్ల ఎంపీసీ పిల్లలు ఏటా ఒకరిద్దరైనా ఈ చదువు గురించి నన్ను అడుగుతుంటారు. ఆ షరతును సడలించి ఆర్ట్స్, కామర్స్ విద్యార్థులకూ అవకాశమివ్వాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) యోచిస్తున్నట్టు 2025లో వార్తలు వచ్చాయి. తలుపు వెడల్పు కావడం మంచిదే. కానీ నా విద్యార్థులు ఆగిపోతున్నది ఆ తలుపు దగ్గర కాదు, లోపలికి అడుగు పెట్టాక.

ఎక్కడ ఆగిపోతున్నారో తెలియాలంటే నిబంధనను ఓపికగా చదవాలి. పదహారేళ్లు నిండితే స్టూడెంట్ పైలట్ లైసెన్సు, పద్దెనిమిది నిండితే కమర్షియల్ లైసెన్సు. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానయాన నియమాలు, సాంకేతిక విషయాల్లో రాతపరీక్షలు. క్లాస్ 1 వైద్య ధ్రువీకరణ. ఆపైన 200 గంటలు ఎగిరిన అనుభవం. ఇందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత పూర్తిగా తనదే అయి ఎగరాలి. ఒకచోటు నుంచి మరోచోటుకు సాగే క్రాస్ కంట్రీ ప్రయాణాలు 20 గంటలుండాలి. వాటిలో ఒకటి 300 నాటికల్ మైళ్లకు, అంటే సుమారు 555 కిలోమీటర్లకు తగ్గకూడదు. ఆ ప్రయాణంలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి ఆగాలి. బయటి దృశ్యం మీద ఆధారపడక పరికరాలను చూసి నడిపినవి 10 గంటలు, రాత్రివేళ నడిపినవి 5 గంటలు ఉండాలి.

అంకెల వెనుక గడువులున్నాయి. ఆ 200 గంటలూ దరఖాస్తుకు ముందరి ఐదేళ్లలో పూర్తయి ఉండాలి. కమాండ్ గంటల్లో కనీసం 15 చివరి ఆరు నెలల్లోనే ఎగిరి ఉండాలి. రాత్రివేళ చేయవలసిన పది టేకాఫ్‌లు, పది ల్యాండింగ్‌లు కూడా ఆ ఆరు నెలల్లోనివే కావాలి. ఇందులో అన్యాయమేమీ లేదు. చేతికి వచ్చిన విద్య వాడకపోతే మొద్దుబారుతుంది. ఏడాదిపాటు విమానం ముట్టని వాడికి ప్రయాణికుల ప్రాణాలు అప్పగించమని సామాజిక న్యాయం కోరేవారెవరూ అడగరు. కానీ ఈ గడువులన్నీ ఒక ఊహ మీద నిలబడి ఉన్నాయి. విద్యార్థి చేతిలో డబ్బు ఎప్పుడంటే అప్పుడు సిద్ధంగా ఉంటుందన్న ఊహ అది.

దేశంలో ఈ శిక్షణకు ఇవాళ సుమారు 50 లక్షల రూపాయలు, చాలాచోట్ల అంతకంటే ఎక్కువే అవుతుంది. లైసెన్సు చేతికొచ్చాక ఎయిర్‌బస్, బోయింగ్ వంటి నిర్దిష్ట విమానాన్ని నడిపేందుకు టైప్ రేటింగ్ కావాలి; దానికి మళ్లీ లక్షలు. హామీ అడగకుండా బ్యాంకులు ఇచ్చే విద్యారుణం సాధారణంగా 7.5 లక్షల దగ్గర ఆగుతుంది. ఆపైన ఆస్తి చూపాలి. మన పల్లెల్లో చాలా దళిత కుటుంబాలకు ఆస్తి అంటే ప్రభుత్వమిచ్చిన అసైన్డ్ భూమి. దాన్ని పెత్తందారుల చేతికి పోకుండా కాపాడేందుకు 1977 చట్టం బదిలీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2023లో ఆ చట్టాన్ని సవరించి ఇరవై ఏళ్లు దాటిన భూములకు హక్కులు కల్పించింది. అయినా ఎకరం, అరెకరం మెట్టభూమి యాభై లక్షల అప్పుకు ఏ బ్యాంకు లెక్కలో సరితూగుతుంది?

ఇక మిగిలింది స్కాలర్‌షిప్. ఎస్సీ విద్యార్థుల ఉన్నత శ్రేణి విద్యకు ఉద్దేశించిన కేంద్ర పథకం కమర్షియల్ పైలట్ శిక్షణను కూడా గుర్తించింది. ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బుల్లో చేరిన విద్యార్థికి ఏడాదికి 3.72 లక్షల రూపాయల పరిమితి విధించింది. ఆ మొత్తం అసలు ఖర్చులో పదో వంతుకు కూడా చేరదు. రాష్ట్రాలు ఇచ్చే సాయం సంగతి ఈ పత్రిక చదివే విద్యార్థులకు నేను చెప్పనక్కర్లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ధర్నాలు చేసిన తరం మనది. ఇంజనీరింగ్ కళాశాలలో బకాయి పడితే సర్టిఫికెట్ ఆగుతుంది. చదివిన చదువు మాత్రం పోదు. విమాన శిక్షణలో బకాయి పడితే చదివినదే కరిగిపోతుంది.

నా దగ్గర చదువుకున్న ఒక మాదిగ యువకుడి అనుభవం ఇది. కొంత ప్రభుత్వ సాయంతో, కొంత అప్పుతో శిక్షణలో చేరాడు. నూట ఇరవై గంటలు దాటాక రావలసిన విడత ఏడాదికి పైగా రాలేదు. డబ్బు కట్టనిదే విమానం ఇవ్వమని శిక్షణ సంస్థ చెప్పింది. నిధులు వచ్చేసరికి ఒంటరిగా ఎగరనివ్వదగిన స్థితిలో లేడని శిక్షకుడు తేల్చాడు. ఆ నిర్ణయం సరైనదే. మళ్లీ శిక్షకుడి పక్కన కూర్చుని పాత పాఠాలు ఎగరాలి. ఆ అదనపు గంటలకు ఏ పథకంలోనూ పద్దు లేదు. అతను ఇప్పుడు ఒక విమానాశ్రయంలో సామాను దించే విభాగంలో పనిచేస్తూ అప్పు తీరుస్తున్నాడు. రేపు రాతపరీక్షల ఫలితాల గడువు కూడా తీరిపోతే అతని రికార్డులో మిగిలేది ఒక్క మాటే: శిక్షణ పూర్తి చేయలేదు. ఎందుకు పూర్తి చేయలేదో రాసే గడి ఆ పత్రంలో ఉండదు.

సాయం ఆగితే చదువు మధ్యలో ఆగడమనేది ఈ దేశపు దళితుల చరిత్రలో కొత్త కాదు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో అంబేడ్కర్ 1917లో లండన్ చదువును సగంలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. అయితే నాలుగేళ్లలోగా వచ్చి చదువు కొనసాగించేందుకు లండన్ విశ్వవిద్యాలయం ఆయనకు అనుమతి ఇచ్చింది. సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బు, కొల్హాపూర్ మహారాజు సాయం, ఒక పార్సీ మిత్రుడి అప్పు కలుపుకొని 1920లో ఆయన మళ్లీ ఓడెక్కారు. 1923లో డీఎస్సీ పట్టా అందుకున్నారు. విశ్వవిద్యాలయం ఆయనకు ప్రమాణం తగ్గించలేదు, సమయం ఇచ్చింది. ప్రమాణాన్ని సడలించడం వేరు, పేదవాడి గడియారాన్ని గుర్తించడం వేరు. మన విధాన కర్తలు ఈ రెండింటినీ ఒకటిగా చూస్తున్నారు.

దళితులకు సాయమనగానే భద్రత ఏమవుతుందని ప్రశ్నించే వారున్నారు. వారికి 2011ను గుర్తు చేయాలి. నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు పొందిన పైలట్లు ఆ ఏడాది అరెస్టయ్యారు. రాజస్థాన్‌లో ఎగరని గంటలను ఎగిరినట్టు లాగ్‌బుక్‌లో చూపిన వ్యవహారం దర్యాప్తుకు వచ్చింది. ప్రమాణాన్ని అక్కడ దెబ్బతీసింది రిజర్వేషన్ కాదు, డబ్బు. కాగితం మీద గంటలు కొనుక్కోవాలంటే ముందు కొనగలిగే స్తోమత ఉండాలి. అందుకే నిబంధన ఎంత కఠినంగా, ఎంత స్పష్టంగా ఉంటే అండదండలు లేనివాడికి అంత మేలు. రాసి ఉన్న నియమాన్ని అతను చూపించి అడగగలడు. రాయని నియమం ముందు అతను చేతులు కట్టుకు నిలబడాలి.

రాయని నియమం ఎక్కువగా ఉండేది శిక్షకుడి చేతిలో. విద్యార్థిని మొదటిసారి ఒంటరిగా గాలిలోకి పంపాలా వద్దా అన్నది శిక్షకుడి అంచనా. ఎవరికి ముందు విమానం దొరకాలి, ఎవరు వారాల తరబడి వరుసలో నిలవాలి అన్నదీ శిక్షణ సంస్థలోనే తేలుతుంది. శిక్షకుడు కావడానికి నియమావళి రెండు మెట్లు పెట్టింది. కమర్షియల్ లైసెన్సు పైన ప్రత్యేక శిక్షణ, పరీక్ష పూర్తిచేసి మొదట సహాయ శిక్షకుడై మరొకరి పర్యవేక్షణలో పనిచేయాలి. ఆ అనుభవంతో పూర్తిస్థాయి శిక్షకుడు కావాలి. ఈ మెట్లకూ డబ్బు కావాలి. లైసెన్సు కోసమే అప్పుల్లో కూరుకుపోయిన వాడు మరో అప్పుచేసి శిక్షకుడు కాలేడు. అలా కాక్‌పిట్‌లో కుడివైపు కూర్చుని పాఠం చెప్పే కుర్చీ తరతరాలుగా చదువూ ఆస్తీ ఉన్న వర్గాల్లోనే తిరుగుతుంది.

నల్లజాతి అమెరికన్లు ఈ సంగతిని ముందే గ్రహించారు. స్వదేశంలో ఏ పాఠశాలా చేర్చుకోకపోవడంతో బెస్సీ కోల్‌మన్ ఫ్రెంచి నేర్చుకుని ఫ్రాన్సు వెళ్లి 1921లో లైసెన్సు సాధించింది. ఒక వ్యక్తి సాహసం అక్కడితో ఆగింది. 1939లో ప్రభుత్వ ఖర్చుతో పౌరులకు విమాన శిక్షణ మొదలై, అందులో టస్కిగీ విద్యాసంస్థ చేరాక పరిస్థితి మారింది. అక్కడి ప్రధాన శిక్షకుడు చార్లెస్ ఆల్‌ఫ్రెడ్ ఆండర్సన్ నల్లజాతి వాడు. ప్రభుత్వ ధనం, తమ మనిషి శిక్షణ కలిస్తే రెండో ప్రపంచ యుద్ధం నాటికి టస్కిగీ పైలట్లు ఒక దళంగా నిలిచారు. అయినా పౌర విమానాల్లో ఉద్యోగం కోసం మార్లన్ గ్రీన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1963లో గెలవవలసి వచ్చింది. లైసెన్సు ఒక మజిలీ, ఉద్యోగం మరో మజిలీ.

మన దగ్గర ఆ రెండో మజిలీ మరింత దూరమైంది. రాయ్‌బరేలీ సమీపంలోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్రం నడిపే ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో రిజర్వుడు సీట్లున్నాయి. కానీ ఆ సీటు నుంచి చేరవలసిన ఎయిర్ ఇండియా 2022 జనవరి 27న టాటా గ్రూపు చేతికి వెళ్లింది. దానితోపాటు పైలట్ ఉద్యోగాల్లో రిజర్వేషన్‌కు ఉన్న ప్రధాన చోటు కూడా పోయింది. మన సరిహద్దు అవతల మల్కన్‌గిరి నుంచి ఒక పోలీసు ఉద్యోగి కుమార్తె, ఆదివాసీ యువతి అనుప్రియా లక్రా 2019లో పైలట్ అయితే దేశమంతా వార్త అయింది. 2012లో శిక్షణ వైపు అడుగేసిన ఆమెకు అక్కడికి చేరడానికి ఏడేళ్లు పట్టింది. ఒక్కరి విజయం జాతీయ వార్త అయిందంటే మిగిలిన ఖాళీ ఎంతో అర్థమవుతుంది.

ఆ ఖాళీని కొలిచే పద్ధతి కూడా లేదు. స్త్రీ అన్న కారణంతో పలు సంస్థలు కాదన్న ప్రేమ్ మాథుర్‌ను పైలట్‌గా తీసుకున్నది మన హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్. ఇవాళ దేశంలో పైలట్లలో మహిళలు సుమారు 15 శాతమని ప్రభుత్వం గర్వంగా చెప్పుకుంటుంది. మహిళలను లెక్కించగలిగిన వ్యవస్థ దళితులను, ఆదివాసులను ఎందుకు లెక్కించదు? దరఖాస్తులు కంప్యూటర్‌లోకి, లైసెన్సులు ఫోన్లలోకి వచ్చిన కాలంలో ఇది సాంకేతిక సమస్య కాదు.

కాబట్టి మన డిమాండు గంటలు తగ్గించమని కాకూడదు. 200 గంటలు 200గానే ఉండాలి. ఆరు నెలల నియమం అలాగే ఉండాలి. ఎంపికైన ఎస్సీ, ఎస్టీ విద్యార్థి మొత్తం శిక్షణ వ్యయాన్ని మొదటి రోజే ప్రత్యేక ఖాతాలో జమచేసి, ఎగిరిన గంటల లెక్కన సంస్థకు చెల్లించాలి. 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ఉప ప్రణాళిక చట్టం, 2017 నాటి తెలంగాణ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఇందుకు ఆధారమవుతాయి. 3.72 లక్షల పరిమితిని అసలు ఖర్చుకు తగినట్టు సవరించాలి. ప్రభుత్వ జాప్యం వల్ల శిక్షణ ఆగితే, తిరిగి చేయి కుదుర్చుకునే గంటల ఖర్చు ప్రభుత్వానిదే కావాలి. నైపుణ్య పరీక్షకు లోబడి ఐదేళ్ల గడువును ఆ మేరకు పొడిగించాలి. ఒంటరి ప్రయాణానికి అనుమతి నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇచ్చి, మరో శిక్షకుడి చేత పరీక్షింపజేసుకునే హక్కు కల్పించాలి. లైసెన్సు పొందిన దళిత, ఆదివాసీ యువతకు శిక్షక అర్హత కోసం వేరుగా సాయమిచ్చి బేగంపేట వంటి చోట్ల ఉన్న అకాడమీల్లో నియమించాలి. శిక్షణ సంస్థలకు 2025లో ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టిన డీజీసీఏ, చేరిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో ఎందరు లైసెన్సుతో బయటికి వచ్చారన్న లెక్కనూ అందులో చేర్చాలి.

పౌర విమానయాన శాఖ ఇప్పుడు శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు చేతిలో ఉంది. 1934 నాటి చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది. చట్టం మారిన తరుణంలో దాని కింది నియమాలను సవరించమని అడగడం అత్యాశ కాదు. ఈ ఏడాది కూడా ఎంపీసీ తరగతుల్లో ఎవరో ఒకరు పైలట్ కావాలంటే ఏం చేయాలని అడుగుతారు. వైద్య పరీక్ష ముందు చేయించుకో, ఆ తర్వాతే ఫీజు కట్టు అని చెబుతాను. ఆ తరువాతి ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మాత్రం ప్రభుత్వమే.

(వ్యాసకర్త ప్రభుత్వ జూనియర్ కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకులు)