చేత సర్టిఫికెట్టున్నను తలుపు తెరచుకొనదేల?

బ్యాంకు వెబ్‌సైటును తెరచునప్పుడు అది నిజముగా ఆ బ్యాంకుదేనా యని మన బ్రౌజరు ముందుగా విచారించును. సర్వరు తన సర్టిఫికెట్టును చూపును, బ్రౌజరు సరిచూచుకొనును. మన వంతున మనము పాస్‌వర్డు చెప్పుదుము. కాని ఒక సంస్థ కంప్యూటరు వేరొక సంస్థ కంప్యూటరుతో డబ్బు లెక్కలు నడపునప్పుడు, పాస్‌వర్డు చాలదని సర్వరు ఎదుటివారి సర్టిఫికెట్టును గూడ అడుగుట కలదు. దానినే క్లయింటు సర్టిఫికెట్టు అందురు. హనుమంతుడు ఉంగరము చూపెను, సీతాదేవి చూడామణి నిచ్చి పంపెను. ఆనవాళ్లు ఇరువైపుల నడచినవి. ఇదియు నట్టిదే.

ఈ ఏర్పాటు చెడినప్పుడు సర్వరు చెప్పు మాట తరచు పొడిగా నుండును: "సర్టిఫికెట్టు అందలేదు." సొంతదారు తెల్లబోవును. "గడువు తీరలేదు, పేరు సరిగా నున్నది, నా కంప్యూటరులోనే యున్నదే!" యనును. ఇరువురి మాటయు నిజమే.

సర్టిఫికెట్టు బహిరంగ పత్రము. దాని రూపమును 1988లో ఎక్స్.509 అను ప్రమాణము నిర్ణయించినది. సొంతదారు పేరు, బహిరంగ తాళపుచెవి, గడువు, జారీచేసినవారి సంతకము అందుండును. దస్తావేజు నకలు ఎవరైనను తెచ్చుకొనవచ్చును. సబ్‌రిజిస్ట్రారు ఎదుట వేలిముద్ర వేయవలసినవాడు మాత్రము అసలు మనిషియే. ఇచట ఆ వ్రేలు రహస్యపు తాళపుచెవి. అది లేని సర్టిఫికెట్టు నకలు వంటిది. జాబితాలో కనబడును గాని పనికిరాదు. కొత్త కంప్యూటరుకు మారునప్పుడు సీఈఆర్ ఫైలును మాత్రమే తెచ్చుకొన్నవారికి ఈ చిక్కు తప్పదు. పీఎఫ్‌ఎక్స్ ఫైలులో రెండును కలసి యుండును. తాళపుచెవి యున్నను దానిని చదువు అనుమతి ప్రోగ్రాము నడచు ఖాతాకు లేకపోవచ్చును. ఇంజనీరు తన పేర పరీక్షించిన పగలు చక్కగా పనిచేసి, సర్వీసు ఖాతా పేర నడచిన రాత్రి విఫలమగుట ఇందువలననే.

మరియొక కారణము మౌనము. ఏయే జారీదారులను తాను నమ్మునో సర్వరు ఒక పట్టీ పంపవచ్చును. మన సర్టిఫికెట్టుకును ఆ పట్టీకిని సంబంధము కనబడనిచో, అనేక ప్రోగ్రాములు తగవాడక ఖాళీ జవాబు పంపును. నడుమనున్న జారీదారుని సర్టిఫికెట్టును జతపరచకపోయినను ఇట్లే జరుగవచ్చును. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను పనిముట్టుతో ఆ పట్టీని కన్నులార చూడవచ్చును. సందేశము వ్రాసినవారు మరి రెండు మాటలు చెప్పియుండినచో ఎందరికో నిద్ర దక్కెడిది! 2018లో వచ్చిన టీఎల్‌ఎస్ 1.3లోనైతే సంబంధము కుదిరినట్లే తోచి, మొదటి జవాబు చదువబోవు వేళ తెగును. కావున తప్పు వేరొకచోట నున్నట్లు భ్రమ కలుగును.

పెద్ద సంస్థలలో సింహద్వారమువంటి ప్రాక్సీ సర్వరే సర్టిఫికెట్టును పరీక్షించి, లోపలి ప్రోగ్రామునకు కబురు మాత్రము పంపును. ఆ కబురు బయటివాడు కల్పించి పంపినను లోపలికి పోనీయరాదు. ఈ జాగ్రత్త మరచినచో పరీక్ష యంతయు వ్యర్థము.

పని ఆగిపోయి పైవారు తొందరపెట్టు వేళ "ఈ పరీక్షను తాత్కాలికముగా తీసివేయుదము" అనువారుందురు. తీసినది మరల పెట్టుట అరుదు. అటు పిమ్మట ఎవ్వరు వచ్చినను తలుపు తెరచుకొనును, ఫిర్యాదు చేయువాడును ఉండడు. అందువలన మరమ్మతు ముగిసిన పిదప సరియైన సర్టిఫికెట్టుతోనే గాక, సర్వరు నమ్మని జారీదారుని సర్టిఫికెట్టుతోను, అసలేదియు లేకయు ప్రయత్నించి చూడవలెను. ఆ రెండుసార్లును సర్వరు త్రోసిపుచ్చవలెను.